పేరు లేని దళాధిపతి

నా పుట్టినరోజుకు లండను మిత్రుడొకరు పంపిన శుభాకాంక్షల కార్డు బల్లమీద ఉంది. దానిపై విక్టోరియా కాలపు 'వానిటీ ఫెయిర్' వారపత్రికలో వచ్చిన వ్యంగ్యచిత్రం: ఒక అగ్నిమాపక దళాధిపతి. కేకుపై కొవ్వొత్తులు ఆర్పడానికి విచ్చేశారని లోపల చమత్కారం. వెనుక వెల ఉంది, బొమ్మలోని మనిషి పేరు మాత్రం లేదు.

ఆయన కెప్టెన్ ఐర్ మాసీ షా. 1861లో టూలీ స్ట్రీట్ అగ్నిప్రమాదంలో గోడ కూలి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ మరణించగా, ఆ స్థానంలోకి వచ్చినవాడు. 1891 దాకా, ముప్ఫయ్యేళ్ళు, ఆ నగరపు మంటలతోనే ఆయన కాపురం. లండను దళానికి ఇత్తడి శిరస్త్రాణం తొడిగించింది ఆయనే. నాటకశాలల అగ్నిప్రమాదాలపై 1876లో పుస్తకం కూడా రాశాడు.

పరిహాసానికి నేను విరోధిని కాను. 1882లో 'అయొలాంథీ' అనే సంగీత నాటకంలో గంధర్వరాణి తన ప్రేమాగ్నిని చల్లార్చగలవా అని ఆయననే అడుగుతుంది. తొలి ప్రదర్శననాడు ఆయన ప్రేక్షకుల్లోనే కూర్చుని ఉన్నాడట! ఆ కాలంవారూ నవ్వారు, కానీ పేరుపెట్టి పిలిచి నవ్వారు. ముఖాన్ని అమ్ముకుంటూ పేరును పారవేయడమే నాకు మింగుడుపడనిది. ఒక్క పంక్తి అచ్చువేస్తే ఏ పాటి ఖర్చు?

కార్డు వెనుక ఆయన పేరు నేనే కలంతో రాసుకున్నాను.