విరిగిన పాల యోగం

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో సాయంత్రం షిఫ్టు దిగి వచ్చేవారికి పనీర్ పకోడీ కొత్తేమీ కాదు. శనగపిండిలో ముంచి మరిగే నూనెలో వేసిన తెల్ల ముక్క, పైన చాట్ మసాలా, పక్కన పచ్చి చట్నీ. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగువారి తాతల తరానికి మాత్రం ఇది వింత తిండే. విరిగిన పాలను నష్టం కింద రాసుకునే ఇళ్లు వారివి. జున్నంటే ముర్రుపాలతో చేసేదే.

ఈ పకోడీ పంజాబీలదన్నది అందరి నమ్మకం. అందులో కొంత నిజముంది. పనీర్ అన్న మాట పారశీకం. 1947 విభజన తర్వాత నగరాలకు చేరిన పంజాబీలే దాన్ని హోటళ్ల మెనూకెక్కించారు. బెంగాల్ ఛేనా సంగతి వేరు. పాలు విరగ్గొట్టడం ఆర్య సంప్రదాయంలో నిషిద్ధమని, 17వ శతాబ్దంలో హుగ్లీ తీరపు పోర్చుగీసుల వల్లే ఆ పద్ధతి అక్కడ అలవాటైందని ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ వాదించారు.

ఆ వాదనకు దక్కన్‌లో చిక్కొచ్చి పడింది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ఉన్న 12వ శతాబ్దపు 'మానసోల్లాసం'లో క్షీరప్రకారం అనే వంటకముంది. కాచిన పాలను పులుపుతో విరగ్గొట్టి, గట్టిపడిన భాగానికి బియ్యప్పిండి కలిపి, ఉండలు చేసి వేయించి, చక్కెర పట్టించేవారు. వాస్కోడగామా 1498లో కాలికట్ చేరడానికి మూడున్నర శతాబ్దాల ముందటి మాట ఇది. నేటి తెలంగాణలో చాలా భాగం ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. వేయించిన పనీర్‌ను పరాయిదని తెలుగువారు దూరం పెట్టనక్కర్లేదు!

నూనెలో పడ్డా పనీర్ కరగకపోవడానికి కారణం దాని పుట్టుకే. వేడికీ పులుపుకీ గట్టిపడిన పాల ప్రొటీన్ మళ్లీ సాగదు. పిజ్జా మీది చీజ్‌లా కారిపోదు.

1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌తో దేశంలో పాలకు కరువు తీరింది. పనీర్ పెళ్లి భోజనాల్లోకీ, బండి మీదికీ వచ్చింది. గిరాకీ వెంటే నకిలీ. పాల కొవ్వు బదులు పామాయిల్, బరువుకు పిండి. నిబంధనల ప్రకారం పనీర్‌లో తేమ పోగా మిగిలినదాంట్లో కనీసం సగం పాల కొవ్వే ఉండాలి. పాలేతర కొవ్వుతో చేసినదాన్ని పనీర్ అని అమ్మకూడదు. పచ్చి ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం తిరిగినప్పుడు పిండి కలిసిందని తెలుస్తుంది. పకోడీ విషయంలో ఆ పరీక్షా పనిచేయదు. పైనున్న శనగపిండిలోనూ ఉన్నది ఆ పిండి పదార్థమే కదా!