మనిషి పోతే బీమా ఉంది, పంట పోతే ఎందుకు లేదు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికతో చివరిదాకా చదవండి.

మొన్న సాయంత్రం ధర్మాబాద్ దిక్కు నుంచి మబ్బు లేచింది. ముందు దుమ్ము, తర్వాత సుడిగాలి, దాని వెనుకనే రాళ్లవాన. ఇరవై నిమిషాలు గూడ కాలేదు. కంకి పట్టిన మక్క నేలకు ఒరిగింది. మామిడికాయ చెట్ల కింద కుప్ప పడ్డది. కొట్టం మీది రేకులు పక్క చేన్ల తేలినయి. రోడ్డుకు ఇవతల మా చేను పోయింది, అవతల చేనుకు ఏం కాలేదు. రాళ్లవాన గుణం మీకు నేను చెప్పాలా?

మబ్బుకు రాష్ట్రాల సరిహద్దు తెల్వదు. 2023 మార్చి నడుమ పడ్డ వడగండ్లు మరాఠ్వాడాను, కర్ణాటకను, మన తెలంగాణను వారం లోపలనే కొట్టినయి. గాలి ఒక్కటే, రాయి ఒక్కటే. కానీ మన పక్క స్టేషను ధర్మాబాద్ రైతుకు ఆ యాసంగిల ఫసల్ బీమా ఉండె. బీమా మొత్తం మీద నూటికి రూపాయిన్నర కట్టాలె, వడగండ్లు పడ్డ 72 గంటల లోపల చెప్పాలె. అప్పుడు ఊరి సగటు కాకుండా, ఆయన చేను వరకే చూసి నష్టం లెక్కగట్టాలన్నది రూలు. బాసర రైతుకు ఆ దారే లేదు. మన రాష్ట్రం 2020 వానకాలంలనే ఆ పథకం నుంచి బయటికొచ్చింది.

మరి మనకేం దొరికింది? 2023 మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు పడిపోయిన చేన్లు చూసి ఎకరానికి 10 వేలు ప్రకటించిన్రు. కేంద్రం లెక్క అంతకంటే తక్కువ. 2022ల ఖరారైన విపత్తు సాయం ప్రకారం, 33 శాతానికి తగ్గకుండ పంట పోతేనే, నీళ్ల కింది పంటకు హెక్టారుకు 17 వేలు. అంటే ఎకరానికి 7 వేలు గూడ కాదు. నా నోటుబుక్కుల ఎకరం మక్క ఖర్చు 27 వేలు ఉంది. మీ బుక్కు మీరు చూసుకోండి.

ఇంకో మాట. ఆ 10 వేలు ఎవరో దయతలిస్తే వచ్చినయి. ఈసారి ఇస్తరా, ఎంత ఇస్తరు, ఎప్పుడు ఇస్తరు? అడుగుదామంటే మన చేతిల కాగితం లేదు. బీమా రసీదు ఉంటే అది హక్కు. దయకు, హక్కుకు తేడా ఇక్కడనే ఉంది.

“సర్కారుకు ప్రీమియం కట్టే స్తోమత లేదు” అనేటోళ్లకు ఒక్కటే ప్రశ్న. 2018 ఆగస్టు 15 నుంచి రైతుబీమా నడుస్తలేదా? 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు వస్తున్నయి, ప్రీమియం మొత్తం సర్కారే కడుతున్నది. మంచి పథకం, కాదనను. కానీ పంట పోయి అప్పుల పాలైనప్పుడు ఆదుకోకుండా, మనిషి పోయినంక ఆదుకునుడు ఏం న్యాయం?

“బీమా పెడితే కంపెనీలు బాగుపడతయి” అని ఇంకొందరు అంటరు. నిజమే, లోన్ల కట్ చేసుకున్న ప్రీమియానికి ఏమొచ్చిందో చాలా మందికి తెల్వదు. దానికి గూడ దారి ఉంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా నుంచి మొదలైన పద్ధతిల కంపెనీ లాభం ప్రీమియంల 20 శాతం దాటొద్దు, మిగిలింది సర్కారుకు వాపస్. నష్టం 110 శాతం దాటితే పైది సర్కారు భరిస్తది. అక్కడ గూడ అంత సాఫీగా ఏం లేదు. రూపాయికే ఇచ్చిన బీమాను దొంగ దరఖాస్తులు వచ్చినయని 2025ల బందు పెట్టిన్రు. ఎలుకలు పడ్డయని గరిసెను తగలబెడతమా? ఎలుకలను పట్టాలె.

మళ్లీ ఫసల్ బీమాల చేరతమని మన సర్కారు 2024 మార్చిల చెప్పింది. చెప్పుడు వేరు, రసీదు చేతికొచ్చుడు వేరు. ప్రకటన మీద రాళ్లు పడితే ఏం గాదు, పంట మీద పడితేనే కొంప మునుగుతది.

కౌలుదారును మరవకండి. పెట్టుబడి ఆయనది, పంట ఆయనది, పైసలు మాత్రం పాసుబుక్కు ఉన్నోళ్లకు. కౌలుదార్లకు గుర్తింపు కార్డులు ఇయ్యాలని 2011ల చట్టమే చేసిన్రు. పట్టాదారు అన్నలు కూడా “కార్డు ఇస్తే భూమి పోతది” అనే భయం విడువాలె.

మన తప్పు గూడ ఉంది. రుణమాఫీకి రోడ్డెక్కినం, మద్దతు ధరకు రోడ్డెక్కినం. పంట బీమా అడుగుదామని ఒక్కనాడన్నా కూసున్నమా?

ఇప్పుడు చేయాల్సింది మూడే. పడిపోయిన చేనును తేదీ కనబడేటట్టు ఫొటోలు తీసి, ఏఈవోకు రాతపూర్వకంగా ఇయ్యండి, నకలు మీద సంతకం తీసుకోండి. వచ్చే గ్రామసభల “చేను చేనుకు వడగండ్ల బీమా, కౌలుదారుతో సహా” అని తీర్మానం పెట్టించండి. ఓటుకు వచ్చినోళ్లను మొదట ఇదే అడగండి.

దేశమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించుకునే ఊరు మనది. మన అర్జీ మనం రాసుకోలేమా?

మీ ఊళ్ల ఎన్నెకరాలు పడ్డదో కింద రాయండి. నలుగురికి పంపండి.