మానవ జీవావరణ శాస్త్రం – మన ఆడపిల్లలు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే మన కుటుంబాలలో జరిగే చర్చ అందరికీ తెలిసినదే. మెడిసిన్, ఇంజనీరింగ్, ఫార్మసీ. ఇవేవీ అందకపోతే ఏదో ఒక డిగ్రీ. హోమ్ సైన్స్ పేరెత్తితే మాత్రం, "వంట నేర్పడానికి కాలేజీ ఎందుకు భాయ్‌సాబ్, ఇంట్లో అమ్మీ లేదా?" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఈ విద్యకు పునాది వేసినవారిలో ఒకరైన ఎలెన్ స్వాలో రిచర్డ్స్ రసాయన శాస్త్రవేత్త. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1873లో పట్టా పొందిన తొలి మహిళ ఆమె. ఆ రాష్ట్రపు తాగునీటి నమూనాలను వేల సంఖ్యలో పరీక్షించారు. గాలి, నీరు, ఆహారం, ఇల్లు మనిషి బతుకును ఎట్లా మలుస్తాయన్నదే ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నకే ఇప్పుడు మానవ జీవావరణ శాస్త్రమని పేరు. కార్నెల్ విశ్వవిద్యాలయం 1969లో తన గృహవిజ్ఞాన కళాశాలకు ఈ పేరే పెట్టింది. మన ఎన్‌సీఈఆర్‌టీ కూడా 11, 12 తరగతుల పుస్తకాలను 'హ్యూమన్ ఎకాలజీ అండ్ ఫ్యామిలీ సైన్సెస్' అంటున్నది. హైదరాబాదు సైఫాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు హోమ్ సైన్స్ కళాశాల నేడు కమ్యూనిటీ సైన్స్ కళాశాల అయింది. పోషణ, శిశు వికాసం, వస్త్ర శాస్త్రం, కుటుంబ వనరుల నిర్వహణ, విస్తరణ విద్య అక్కడి పాఠాలు.

పాతబస్తీలో ఈ చదువుకు పని లేని గల్లీ ఏది? ఇరుకు గదిలో నిప్పుల ముందు కూర్చుని లక్క గాజులు చేసేవారున్నారు. జర్దోజీ చట్రం మీద గంటల తరబడి వంగి కళ్ళు, నడుము పోగొట్టుకుంటున్న ఆడవారున్నారు. మురుగు కాలువ పక్క నుంచే తాగునీటి గొట్టం పోయే ఇళ్ళున్నాయి. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా నేను చూసినది ఒకటి చెబుతాను. 'మా వీధి నీరు బాగులేదు' అని రాసిన అర్జీ కట్టలో పడి ఉంటుంది. ఫలానా తేదీన ఫలానా కుళాయి నుంచి పట్టిన నీటి పరీక్ష ఫలితాన్ని జతచేసిన అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. అటువంటి అర్జీ రాయగల అమ్మాయి మన బస్తీకి ఒక్కరైనా కావాలి.

ఉద్యోగం మాటా ఉన్నది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్ కొలువుకు హోమ్ సైన్స్ పట్టా ఒక అర్హత. బిడ్డ బరువు ఎందుకు తగ్గిందో తల్లికి ఉర్దూలో విడమరచి చెప్పగల సూపర్‌వైజర్ వస్తే అంగన్‌వాడీ మనకు పరాయి చోటుగా ఉండదు.

పరిశోధన దాకా వెళ్ళదలచినవారికి దారి ఇరుకైంది. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేసినట్లు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటులో ప్రకటించింది. దాని కోసం అడుగుతూనే ఉండాలి. కాని మన సంఘాల ఫీజు సహాయం కూడా ఇంజనీరింగ్, మెడిసిన్ దగ్గరే ఆగిపోవడం ఏమి న్యాయం? వచ్చే ఏటి జాబితాలో ఈ కోర్సును చేర్చండి, అబ్బాయిలకు కూడా. తల్లీకూతుళ్ళు దరఖాస్తుకు ముందే ఒకసారి కళాశాలకు వెళ్ళి ప్రయోగశాల చూసి రావాలి. అర్హత ఉన్నవారు బీసీ-ఇ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి; సీటు గడువు ముంచుకొచ్చిందని ఏ కార్యాలయంలోనూ ఫైలు వేగంగా కదలదు.