బాంబులేస్తే పోలా?

తిరుగుబాటు మాట ఎక్కడ వచ్చినా "రెండు విమానాలు పంపి బాంబులేస్తే పోలా?" అనేవాళ్ళు మన ఆఫీసు క్యాంటీన్లలో బోలెడుమంది. బాబూ, అది మన దేశం ఒకసారి చేసి చూసిందే.

1966 ఫిబ్రవరి 28 రాత్రి మిజో నేషనల్ ఫ్రంట్ తిరగబడింది. ఐజ్వాల్‌లో అస్సాం రైఫిల్స్ శిబిరాన్ని చుట్టుముట్టింది. సాయంగా వెళ్ళిన హెలికాప్టర్లు కాల్పుల వల్ల దిగలేకపోయాయి. మార్చి 5న మన వాయుసేన తూఫానీ, హంటర్ విమానాలు ఆ ఊరిమీదే దాడి చేశాయి. ఊళ్ళో ఇళ్ళు తగలబడ్డాయి, జనం అడవుల్లోకి పారిపోయారు. శిబిరం దక్కింది, కాదనను.

మరి తిరుగుబాటు ఆగిందా? ఇంకో ఇరవై ఏళ్ళు సాగింది! చివరికి 1986 జూన్ 30న ఒప్పందం కుదిరాకే తుపాకులు దిగాయి. ఆ ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగానే ముఖ్యమంత్రి అయ్యాడు.

పైనున్న పైలట్‌కి ఇంటి కప్పు కనిపిస్తుంది. దాని కింద తుపాకీ ఉందో పొయ్యి ఉందో కనిపించదు. బగ్ ఏ లైన్లో ఉందో తెలీక సర్వర్ మొత్తం ఫార్మాట్ చేసినట్టే ఇది. కాకపోతే మన సర్వర్‌కి బ్యాకప్ ఉంటుంది.

2010 ఏప్రిల్‌లో దంతెవాడ దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయినప్పుడూ విమానాల మాట వచ్చింది. అప్పటి వాయుసేనాధిపతి పి.వి. నాయక్ తాను సుముఖంగా లేనని బయటికే చెప్పారు. జవాన్ల ప్రాణాలు కాపాడ్డానికి హెలికాప్టర్లు పంపాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సొంత ఊళ్ళమీద బాంబులా? విమానాలు నడిపేవాళ్ళే వెనకాడుతుంటే మనకెందుకండీ అంత తొందర?