కాందిశీకుల బడి

మూడేండ్ల గడువుతో బ్రతుకుచు మూడు తరముల పిల్లలకు చదువు చెప్పిన సంస్థ యొకటి కలదు. పాలస్తీనా కాందిశీకుల సహాయార్థము ఐక్యరాజ్యసమితి నెలకొల్పిన ఆ సంస్థను పొట్టి పేరుతో ‘అన్‌ర్వా’ అని వ్యవహరింతురు. 1949 డిసెంబరు 8వ తేదీన సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానము దానికి జన్మపత్రిక. 1950 మే 1వ తేదీన పని ప్రారంభమైనది. రాజకీయ పరిష్కారము త్వరలోనే కుదురుననియు, అంతవరకు ఆకలిగొన్నవారికి పిండియు, చలికి కంబళియు అందించిన చాలుననియు నాటి పెద్దల భావన. పరిష్కారము కుదురలేదు, సంస్థ మాత్రము నిలిచిపోయినది.

ఈ కథలో భారతదేశమునకు మొదటినుండియు కొంత పాత్ర కలదు. పాలస్తీనా భవిష్యత్తును విచారించుటకు 1947లో సమితి నియమించిన పదునొకండు దేశముల సంఘములో భారతదేశ మొకటి. సంఘములో అధిక సంఖ్యాకులు ఆ భూమిని రెండు దేశములుగా చీల్చవలెననిరి. భారత, ఇరాన్, యుగోస్లావియా ప్రతినిధులు మాత్రము అరబ్బులును యూదులును స్వపరిపాలన గల రాష్ట్రములతో ఒకే సమాఖ్యలో కలిసియుండుట మేలని వేరుగా నివేదిక నిచ్చిరి. ఆ యేడు నవంబరు 29న విభజన తీర్మానము 33 వోట్లతో నెగ్గినది. ఎదిరించిన 13 దేశములలో మన దేశము కలదు. కొలది నెలల క్రిందటనే తన యింటి విభజనలో పారిన నెత్తురును చూచిన దేశము మరియొక యింటి విభజనకు చేయి యెత్తకపోవుటలో వింత లేదు.

మరుసటి యేడు యుద్ధము వచ్చినది. ఏడు లక్షలకు పైగా పాలస్తీనా అరబ్బులు ఇండ్లు వాకిళ్లు విడిచి చెదరిపోయిరి. తరువాతి సంవత్సరములలో అరబ్బు దేశములనుండి లక్షలాది యూదులును కట్టుబట్టలతో ఇజ్రాయెలు చేరిరి. ఈ సంగతిని మరచి వ్రాసిన చరిత్ర సగము చరిత్రయే. సమితి పంపిన మధ్యవర్తి ఫోక్ బెర్నడాట్ ప్రభువు, కాందిశీకులకు తమ యిండ్లకు మరలిపోవు హక్కు ఉండవలెనని పట్టుబట్టినవాడు. 1948 సెప్టెంబరు 17న జెరూసలేములో యూదు తీవ్రవాదుల గుండ్లకు బలియైనాడు. ఆయన పనిని చేపట్టిన రాల్ఫ్ బంచ్ 1949లో ఈజిప్టు, లెబనాన్, జోర్డాన్, సిరియాలతో ఇజ్రాయెలునకు యుద్ధవిరమణ ఒప్పందములు కుదిర్చి, మరుసటి యేడు నోబెల్ శాంతి బహుమానమును పొందినాడు. అవి తుపాకులను కొంతకాల మాపినవే గాని శాంతిని తెచ్చినవి కావు. ఇండ్లకు మరలగోరువారిని మరలనీయవలెననియు, మరలగోరని వారికి పరిహార మీయవలెననియు 1948 డిసెంబరు 11న సభ చేసిన తీర్మానము ఇంతవరకు అమలునకు రాలేదు.

అన్‌ర్వా పుట్టకముందు గాజాలో కాందిశీకులకు ఆహారము పంచినవారు అమెరికాకు చెందిన క్వేకర్లు. యుద్ధమును ఏ రూపమున నైనను ఒప్పని క్రైస్తవ శాఖ వారిది. 1947 నోబెల్ శాంతి బహుమానము వారి సేవాసంఘములకే దక్కినది. గాజాలో సుమారు ఏడాదిన్నర పనిచేసి, గుడారములలో బడులు సైతము పెట్టి, పిమ్మట వారు ఒక విచిత్రమైన మాట చెప్పిరి. అన్నము పెట్టుచు పోవుట ఇంక తమ వలన కాదనిరి. పరిష్కారము లేని సహాయము, పుచ్చుకొనువాని ఆత్మగౌరవమును తినివేయుటయే కాక, రాజకీయులకు తొందర లేకుండ చేయునని వారి యభిప్రాయము. 1950లో పనిని సమితికి అప్పగించి తప్పుకొనిరి. అన్నము పెట్టుట మానుకొమ్మని ఎవరు చెప్పగలరు? అయినను వారి హెచ్చరిక అక్షరాల నిజమైనది. నొప్పి తెలియని మందు దొరికినప్పుడు శస్త్రచికిత్సను రేపటికి వాయిదా వేయుట రోగికిని వైద్యునికిని గూడ సులభమే. ఇచ్చట వాయిదా వేసినవారు వైద్యులు. రోగిని అడిగినవారు లేరు.

సంస్థ పేరులో సహాయముతోపాటు ‘పనులు’ అను మాటయు ఉన్నది. అమెరికాలో టెనెస్సీ లోయ పథకమును నడపిన గార్డన్ క్లాప్ నాయకత్వమున 1949లో వచ్చిన సంఘము, కాందిశీకులకు రోడ్లు, కాలువలు, తోటల పనులు కల్పించిన యెడల వారు ఉన్నచోటనే స్థిరపడగలరని తలచినది. కాందిశీకులు వేరుగా తలచిరి. ఇచ్చట వేళ్లూనినచో అచ్చటి ఊరు చేయిజారునని వారి భయము. పనుల పథకములు వెనుకబడినవి. క్రమముగా సంస్థ బడిపంతులైనది.

ఇది మన ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము. జోర్డాన్, లెబనాన్, సిరియా, పశ్చిమ తీరము, గాజా, ఈ ఐదు చోట్ల కలిపి అన్‌ర్వా నడపిన బడులు 2023 యుద్ధమునకు ముందు సుమారు 700. పిల్లలు 5 లక్షలకు పైగా. సుమారు 30,000 ఉద్యోగులలో అత్యధికులు తామే కాందిశీకులు. వారిలో ఎక్కువమంది పంతుళ్లు, పంతులమ్మలు. ఖర్చులో సగమునకు పైగా చదువుకే. 1962లో రామల్లాలో కాందిశీక యువతులకు వసతితో కూడిన శిక్షణాలయము తెరచిరి. ఆ దశాబ్దములోనే బడులలో బాలికల సంఖ్య బాలుర సంఖ్యతో సమానమగుటకు వచ్చినది. భూమి పోయినవాడు బిడ్డకు ఈయగలిగిన ఆస్తి చదువొక్కటే. గాజాలో స్థలము చాలక ఒకే భవనములో ప్రొద్దున ఒక బడి, మధ్యాహ్నము ఒక బడి నడపిరి. అట్టి బడి నడపుట యెంత కష్టమో మన పల్లెటూళ్లలో పనిచేసిన పంతుళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇన్ని బడులకు డబ్బెవరిచ్చుచున్నారు? ఏటేట దేశములు దయదలచి యిచ్చు విరాళములే ఆధారము. సమితి బడ్జెటునుండి వచ్చునది అంతర్జాతీయోద్యోగుల జీతములకు సరిపడునంతటిదే. 2018లో అమెరికా ప్రభుత్వము తన విరాళము నాపివేయగా, ఆ సెప్టెంబరులో బడులు తెరచుట యెట్లని సంస్థ తల్లడిల్లినది. 2021లో మరల ఇచ్చిరి. 2024లో మరల ఆపిరి. భారతదేశము 2018లో తన వార్షిక విరాళమును 12.5 లక్షల డాలర్లనుండి 50 లక్షల డాలర్లకు పెంచినది. ఇజ్రాయెలుతో 1992లో పూర్తి దౌత్య సంబంధములు నెలకొల్పుకొని, పాలస్తీనాను 1988లోనే గుర్తించియున్న దేశమునకు తగిన పనియే అది. 1956 నుండి 1967 వరకు గాజా సరిహద్దున కాపున్న సమితి సేనలో మన సైనికులు పనిచేసి, 1967 జూన్ యుద్ధములో కొందరు అచ్చటనే ప్రాణములు విడిచిరి గదా!

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెలులో సుమారు 1,200 మంది చనిపోయిరి. సుమారు 250 మందిని బందీలుగా పట్టుకొనిపోయిరి. దానికి సమర్థన లేదు. తరువాతి యుద్ధములో గాజాలో మరణించినవారు, అచ్చటి ఆరోగ్యశాఖ లెక్కలో, 2025 అక్టోబరు నాటికి 67,000 కు పైబడిరి. దీనికిని సమర్థన లేదు. అన్‌ర్వా ఉద్యోగులలో పన్నెండుగురు ఆ దాడిలో పాల్గొనిరని 2024 జనవరిలో ఇజ్రాయెలు ఆరోపించగా, పలు దేశములు విచారణకు ముందే నిధులు స్తంభింపజేసినవి. సమితి విచారణాధికారులు, తొమ్మండుగురు పాల్గొనియుండవచ్చునని ఆగస్టులో తేల్చిరి, వారిని తొలగించిరి. దోషి ఒక్కడైనను నేరము నేరమే. తొమ్మండుగురి నేరమునకు ఐదు లక్షల పిల్లల పలకలు లాగికొనుట యే ధర్మశాస్త్రములో నున్నది? ఇజ్రాయెలు పార్లమెంటు 2024 అక్టోబరులో చేసిన చట్టములు 2025 జనవరి 30న అమలునకు వచ్చి, సంస్థ చేతులు కట్టివేసినవి.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెతకు గాజా సరిహద్దు ద్వారములు నిదర్శనములైనవి. 2025 మార్చి 2 నుండి రెండున్నర నెలలపాటు లోనికి ఆహారము పోనీయలేదు. సహాయమును హమాస్ అపహరించుచున్నదని ఇజ్రాయెలు వాదము. మే నెలలో దాని యండతోను, అమెరికా యండతోను ఒక ప్రైవేటు సంస్థ రంగములోనికి వచ్చినది. సమితి సంస్థలు సుమారు 400 చోట్ల పంచిన ఆహారమును ఇది నాలుగు చోట్ల, సైనికుల కావలిలో పంచినది. పిండికై పోయిన వందలాది మంది ఆ దారులలో గుండ్లకు కూలిరి. ఆగస్టు 22న గాజా పట్టణ ప్రాంతములో కరవు ఏర్పడినదని నిపుణులు ధ్రువపరచిరి. వానలు లేక వచ్చిన కరవు కాదది. సరిహద్దున బండ్లు బారులు తీరియుండగా వచ్చిన కరవు. అక్టోబరు 10న యుద్ధవిరమణ జరిగినది. నవంబరులో ఆ ప్రైవేటు సంస్థ దుకాణము కట్టివేసినది. అక్టోబరు 22న అంతర్జాతీయ న్యాయస్థానము, అన్‌ర్వాతో సహా సమితి సంస్థల సహాయమును అనుమతించి తోడ్పడుట ఇజ్రాయెలు విధియని అభిప్రాయమిచ్చినది. అభిప్రాయమును అమలు జరుపు బంట్రోతు మాత్రము న్యాయస్థానమునకు లేడు.

ఈ స్థితిలో దేశములు చేయదగిన పని యొకటి స్పష్టముగా ఉన్నది. బడి ఖర్చునైనను దాతల ఇష్టాయిష్టములనుండి తప్పించి, సమితి సభ్యులందరు విధిగా చెల్లించు చందాలో చేర్చవలెను. శాంతిసేనలకు అట్లు చెల్లించుచునే యున్నారు. సైనికుని తూటాకు విధిగా చందా, పంతులు జీతమునకు బిచ్చము అనుట సమితికి శోభ కాదు. భారతదేశము ఈ ప్రతిపాదనను భుజమున వేసికొనిన యెడల 1947లో చెప్పిన వేరుమాటకు కొనసాగింపుగా నుండును.

యుద్ధములో గాజా బడులు నిరాశ్రయులకు నీడలైనవి. పలు భవనములు కూలినవి. సంస్థ ఉద్యోగులు 300 కు పైగా మరణించిరి. మిగిలిన పంతుళ్లు గుడారములలోను, సగము కూలిన గదులలోను నేలపై కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించిరి. 2025 డిసెంబరులో సర్వప్రతినిధి సభ సంస్థ గడువును మరియొక మూడేండ్లు, 2029 జూన్ 30 వరకు పొడిగించినది. 2023లో ఒకటవ తరగతిలో చేరిన గాజా పిల్లవాడు, బడి సరిగా సాగియున్నచో, ఆ నాటికి ఆరవ తరగతి ముగించియుండవలెను.