అంతర్వాహిని లెక్క

మహదేవపూర్ మండలంలోని కాళేశ్వరం దగ్గర గోదావరి, ప్రాణహిత కంటికి కనబడతాయి. సరస్వతి మాత్రం అంతర్వాహిని అంటారు. 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వోద్యోగంలో చేరిన ఉపాధ్యాయుల పింఛను ఖాతా కూడా ఇంచుమించు ఇలాంటిదే. మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం కోత జీతం చీటీలో కనబడుతుంది. ప్రభుత్వం జతచేసే మరో 10 శాతం చేతికి రాదు కనుక చాలామంది దృష్టికి ఆనదు. ఫారం 16లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ కనబడని పాయ దగ్గరే.

2025-26 వరకు వచ్చిన జీతాలకు వర్తించే 1961 చట్టం ప్రకారం ప్రభుత్వ వాటాను ముందు జీతంలో కలపాలి, ఆపైన 80సీసీడీ(2) కింద తీసివేయాలి. కలిపి, తీసివేయడం మరిస్తే చేతికి రాని సొమ్ముకు పన్ను కట్టాలి. మూలవేతనం, కరువు భత్యం కలిసి నెలకు 60,000 అయితే ఏడాది వాటా 72,000. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 14,976 రూపాయల అదనపు భారం. కలపకుండానే తీసివేస్తే ఆదాయం తక్కువ చూపినట్టే. నోటీసు వచ్చేది ఉద్యోగికి. రెండు వాటాలనూ ఒకే గడిలో కుక్కిన ఫారాలను కూడా నేను చూశాను. కొత్త పన్ను విధానంలో సొంత వాటాకు మినహాయింపు లేదు, ప్రభుత్వ వాటాకు ఉంది. గడి మారితే పన్నే మారిపోతుంది.

"రిటర్నులో మనమే సరిచేసుకుంటే పోదా?" అనేవారున్నారు. చట్టం అడ్డుచెప్పదు. కాని ఫారానికి మూలం డీడీవో దాఖలు చేసే 24క్యూ. దానికి దిద్దుబాటు దాఖలు చేయవలసింది ఆయనే. అక్కడ తప్పు అలాగే ఉండగా రిటర్నులో వేరే అంకె వేస్తే, సంజాయిషీ మనం చెప్పుకోవలసి వస్తుంది. తప్పు పుట్టినచోటే దాన్ని దిద్దించాలన్నది నా అభిప్రాయం. నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా అడగాలి.

దీనికి పన్నును మించిన కారణం ఉంది. ఫారంలో ప్రభుత్వ వాటా పదకొండు నెలలకే కనబడితే అది రాతలో పొరపాటు కావచ్చు. ఒక నెల వాటా అసలు ప్రాన్ ఖాతాకే చేరకపోయి ఉండవచ్చు. మొదటిది కాగితంతో తీరుతుంది. రెండవది వృద్ధాప్యాన్ని కొరుకుతుంది. పాత పింఛనుకు చివరి జీతం ఆధారం. దీనికి ఖాతాలో పోగైనదే ఆధారం. రిటర్నులో అంకె సవరించి ఊరుకుంటే ఆ చేరని నెల గురించి అడిగేవారే ఉండరు.

కనుక జీతం చీటీలు, ప్రాన్ స్టేట్‌మెంటు, ఫారం 16 మూడూ పక్కపక్కన పెట్టి నెలనెలా సరిచూసుకోవాలి. 2016 అక్టోబరులో మహదేవపూర్ కరీంనగర్ జిల్లా నుంచి విడివడింది. జిల్లా మారినా, బడి మారినా ప్రాన్ సంఖ్య మారదు. పాత నెలలను వెదికి పట్టుకోవడానికి ఆ ఒక్క సంఖ్య చాలు.

ఫారం 16తోపాటు రెండు వాటాల నెలవారీ పట్టిక ఒక్క పుట జతచేసి ఇవ్వడం ఏ కార్యాలయానికీ బరువు కాదు. సరస్వతిని నమ్మకంతో మొక్కవచ్చు. పింఛను వాటాను మాత్రం కళ్ళతో చూసుకోవలసిందే.