సముద్రములు దాటిన సత్యభామ

కృష్ణామండలమున మొవ్వ చెంతనున్న కూచిపూడి గ్రామమును మీరెఱుగుదురు. పూర్వమచట మగవారే జడవైచుకొని సత్యభామ వేషము కట్టెడివారు. ఆ యిండ్ల యాడుబిడ్డలకు గజ్జెకట్టు నధికారము లేకుండెను. ఇది తలంచినప్పుడెల్ల మాకు కినుక కలుగుచుండును.

ఆ యూరనే 1929లో జన్మించిన వెంపటి చినసత్యముగారు మద్రాసునందు 1963లో కూచిపూడి ఆర్టు అకాడమీని నెలకొల్పి, బాలికలకును విద్య గఱపిరి. శిష్యబృందముతో అమెరికాకేగి ప్రదర్శనములిచ్చిరి. అంతకు మున్నే కోరాడ నరసింహారావుగారి శిష్యురాలు ఇంద్రాణీ రెహమాను పడమటి దేశములందు ఈ నాట్యమాడి చూపినది. ఆమె తల్లి రాగిణీదేవి అమెరికాలో బుట్టిన వనితయే సుమండీ!

చినసత్యముగారు 2012లో పరమపదించిరి. అమెరికాలోని మన తెలుగుబాలికలు నేడు ఇత్తడిపళ్ళెము నంచులపై నిలిచి తరంగమాడుచున్నారు.